పాప వస్తే ఇవ్వాల్సిన గిన్నె

నేను ఒక పింగాణీ కప్పును. నాలో వేడివేడిగా ఏదైనా పోస్తే నిలుస్తానో, టక్కుమని పగిలిపోతానో, పుట్టి రెండువందల యాభై ఏళ్లు దాటినా నాకు తెలియదు. కప్పుగా పుట్టి ఆ ఒక్క సంగతీ తెలియకపోవడం ఎంత చిన్నతనమో మీకు చెప్పినా అర్థం కాదు. మీరు నవ్వుకోవచ్చు. కానీ గోడ గూట్లో ఒంటరిగా కూర్చున్న వస్తువుకు ఒక్క సందేహం చాలు. తరాల తరబడి అదే తోడు.

నేను పుట్టింది స్కాట్లాండులో. ఎడిన్‌బరో పట్నానికి తూర్పున, సముద్రపు ఒడ్డున చిన్న కార్ఖానా ఉండేది. రెండు బట్టీలు, నాలుగు పెంకుటిళ్లు, పదిమందికి మించని మనుషులు. బొగ్గు ఊరి పక్కనే తవ్వేవారు. తెల్లమట్టి మాత్రం దక్షిణాది నుంచి ఓడలో రావాలి. చీనావాళ్లు పింగాణీ ఎలా చేస్తారో ఆ దేశంలో అప్పటికి ఎవరికీ సరిగా అంతుబట్టలేదు. మా యజమాని పర్విస్ మాత్రం తనకు అంతుబట్టిందనుకునేవాడు. మట్టిలో గాజుపొడి కలిపి చూసేవాడు, బలపపు రాయి కలిపి చూసేవాడు, ఎముకల బూడిద కూడా కలిపి చూసేవాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసి వచ్చి సోమవారం బట్టీ తెరిచేవాడు. పదింటిలో ఆరు వంకరపోయి ఉండేవి.

"దేవుడు మొదటి మనిషిని మట్టితోనే చేశాడు గదా, ఆ కిటుకు నాకు చెబితే ఆయన సొమ్మేం పోతుంది?" అని గొణుక్కునేవాడు.

"ఆయన చేసినవాటిలో మాత్రం వంకరవి లేవా అయ్యగారూ?" అనేది గ్రిజెల్.

గ్రిజెల్ రంగులు వేసే మనిషి. భర్త చేపల వేటకు వెళ్లి సముద్రంలోనే ఉండిపోయాడు. అప్పటినుంచీ కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని కప్పులకూ పళ్లాలకూ బొమ్మలు వేసేది. ఆ పనిలో విచిత్రం ఏమిటంటే, వేసేటప్పుడు ఏ రంగూ దాని రంగులో ఉండదు. నీలం బూడిదలా కనిపిస్తుంది, బంగారం బురదలా ఉంటుంది. కాలితేనే నిజం తేలుతుంది. ఒక్కోసారి నీలం కరిగి అంచు దాటి పువ్వు మీదకు పాకేది. మా కార్ఖానా నీలం అలా పాకడానికి పేరుపడింది. కొన్నవాళ్లు అదేదో కావాలని చేసిన సొగసు అనుకునేవారు.

నేను ఆరు కప్పుల జతలో ఆరోదాన్ని. ఒక జమీందారు ఇంటి అమ్మాయికి పెళ్లి. ఆరు కప్పులు కావాలన్నారు. నీలపు అంచు, మధ్యలో ఆ దేశపు ముళ్లకంప మీద పూసే ఊదారంగు పువ్వు. బట్టీ తెరిచేసరికి ఐదు బాగానే వచ్చాయి. నా చెవి పక్కన, అంటే పట్టుకునే పిడి పక్కన, వెంట్రుకంత పగులు.

పర్విస్ నన్ను వెలుగుకు ఎత్తి చూశాడు. "పనికిరాదు. పగలగొట్టెయ్."

"ఎల్లుండి ఇవ్వాలి. ఆరోది ఎక్కడినుంచి తెస్తారు, మీ టోపీలోంచా?"

"పగులు కనిపించట్లేదా నీకు?"

"రేపటికి మీకూ కనిపించదు."

ఆ పూట గ్రిజెల్ నా పగులు మీద ఒక చిమ్మటను వేసింది. రెక్కలు విప్పుకుని వాలిన బూడిదరంగు చిమ్మట. దాని సన్నటి ఒళ్లు సరిగ్గా పగులు గీత మీద పడింది. చిన్న బట్టీలో మళ్లీ కాల్చారు. అక్కడ అది మామూలు పనే. పాత పింగాణీ మీద పురుగో, ఆకో, కారణం లేకుండా ఒంటరిగా కనిపించిందంటే దాని కింద ఏదో మచ్చ ఉందన్నమాట. చూసేవాళ్లు మాత్రం "ఎంత ముద్దుగా ఉందో" అంటారు. నన్నూ అన్నారు. పొగిడిన ప్రతిసారీ నాకు సిగ్గేసేది.

పెట్టెలో గడ్డి మధ్య పెడుతూ గ్రిజెల్ నా చెవి దగ్గర అంది, "వేడినీళ్ల జోలికి పోకే తల్లీ."

పెళ్లికూతురి పేరు ఇసబెల్. భర్త ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారంలో ఉద్యోగి. ఏడాది తిరక్కుండానే ఇద్దరూ ఓడ ఎక్కారు, వాళ్లతో మేమూ ఎక్కాం. మా మట్టి ఎంత మెత్తనిదో ఓడలోనే తెలిసింది. కాగిన టీ పోయగానే మొదటి కప్పు టక్కుమంది. ఆ చప్పుడు ఇప్పటికీ మరిచిపోలేదు. మద్రాసు చేరేలోపు రెండోది పోయింది. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట, యానాం పొరుగున ఉన్న కంపెనీ వర్తకపు కొఠీకి వచ్చాక మిగిలిన మూడూ ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. నేను ఒక్కదాన్నే మిగిలాను. ఇసబెల్ నాలో టీ పోయడానికి భయపడింది. పంచదార పోసి పైన ఒక గుడ్డ కప్పి ఉంచింది.

ఆమె కూడా నాలాగే ఒంటరి. భర్త రోజంతా తానులు కొలిపించుకుంటూ కొఠీలో ఉండేవాడు. ఆమెకు రెండేళ్ల కూతురు. పాప తప్ప ఆమెతో ఆమె భాషలో మాట్లాడేవాళ్లు లేరు, పాపకేమో ఇంకా మాటలు సరిగా రావు. మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని నా మీది ముళ్లపువ్వును వేలితో రాస్తూ ఉండేది. నా మీద కన్నీళ్లు పడ్డాయి గాని, అవి కాగిన టీ అంత వేడివి కావు.

ఒక ఎండాకాలం పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. ఏం తాగించినా నిలవడం లేదు. ఆ రోజు నేతవీధి నుంచి చౌడమ్మ అనే దేవాంగుల ఇల్లాలు భర్తతో కలిసి తానులు అప్పగించడానికి వచ్చింది. లోపల పాప ఏడుపు విని గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఏడుపులో బలం లేదని ఆమెకు అర్థమైంది. ఇంటికి వెళ్లి ముంతతో పల్చటి గంజి తెచ్చింది, చిటికెడు ఉప్పు వేసి.

కొఠీ కావలివాడు అడ్డుపడ్డాడు. "మీ పడుగు నూలుకి పూసే గంజి దొరసాని పాపకి పట్టిస్తావేంటమ్మా?"

"పడుగుకి పెట్టేది పుల్లగంజి. ఇది మా పిల్లలు తాగేదే. తప్పుకో నాయనా, ఆనక పోట్లాడుకుందాం."

మూడు రోజులు, పూటపూటకూ వచ్చింది. నాలుగో రోజు పాప లేచి కూర్చుని చౌడమ్మ ముక్కుపుడక పట్టుకుని లాగింది.

ఇసబెల్‌కు ఏం ఇవ్వాలో తోచలేదు. లోపలికి పరిగెత్తి నన్నే తీసుకొచ్చింది. అంచుదాకా పంచదారతో నన్ను చౌడమ్మ రెండు చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని తన చేతులతో మూసింది. చౌడమ్మ నన్ను కళ్లకద్దుకుంది.

"నిండుగా వచ్చిన గిన్నెను ఖాళీగా తేకూడదమ్మా. పాపకి పాయసం చేసి ఇందులోనే తెస్తాను," అంది. ఇసబెల్‌కు 'పాప' అన్న మాటొక్కటే తెలిసింది. తల ఊపి నవ్వింది.

ఇద్దరు మనుషులు ఒకరి భాష ఒకరికి రాకుండా అంత బాగా మాట్లాడుకోవడం నేను మళ్లీ చూడలేదు.

ఆ సాయంత్రమే చౌడమ్మ మామగారు మగ్గం గుంతలోనే ఒరిగిపోయాడు. ఇల్లు మైలపడింది. పదకొండు రోజులు. మైల ఇంట్లోంచి బయటివాళ్లకు తినే వస్తువు ఏదీ పెట్టకూడదు. పెడితే పుచ్చుకున్నవాళ్లకు కీడని నమ్మకం. అప్పుడే కోలుకున్న పసిబిడ్డకు కీడు తలపెడుతుందా ఆమె? నన్ను కడిగి గూట్లో బోర్లించింది. రోజూ ఒకసారి నావైపు చూసి వేళ్లు లెక్కపెట్టుకునేది.

పన్నెండో రోజు తలంటు పోసుకుని, ఇల్లు అలికి, పాయసం వండింది. నాజూకు గిన్నెనని నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఇత్తడి చెంబులో పాయసం ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని, అక్కడికి వెళ్లాక పోద్దామని బయలుదేరింది. నా గుండె, కప్పులకు గుండె ఉంటే, కొట్టుకుంది. ఈ పూట తేలిపోతుంది అనుకున్నాను.

కొఠీ గుమ్మంలో కావలివాడు కూర్చుని ఉన్నాడు. చౌడమ్మను చూసి లేచాడు.

"ఇప్పుడొచ్చావా అమ్మా? దొరసానమ్మ జ్వరమొచ్చి మొన్న పోయింది. మంచం ఎక్కేదాకా రోజూ మీ వీధివైపే చూస్తా కూచునేది. నీకేదన్నా కోపమొచ్చిందేమో అనుకుంది కాబోలు."

చౌడమ్మ మెట్టు మీద కూలబడింది. పాయసం చెంబులోనే చల్లారిపోయింది. దొర దుబాసీ చేత చెప్పించాడు, గిన్నె ఉంచుకోమని, పాపను ఓడలో వాళ్ల దేశానికి పంపించేస్తున్నామని.

"ఇచ్చింది ఆయమ్మ. ఉంచుకోమనడానికి ఈయనెవరు?" అంది చౌడమ్మ ఇంటికొచ్చి భర్తతో. "పాప పెద్దదై ఎప్పుడో వస్తుంది. అప్పుడు దాని చేతికే ఇస్తాను, పాయసంతో."

పాప ఓడెక్కేసిందనుకుని చౌడమ్మ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. కొన్ని వారాలకు కొఠీని ఇంకో ఊరికి మార్చారు. బంగళాకు తాళం పడింది.

ఆ తర్వాత నా బతుకంతా ఆ గూడే. చౌడమ్మ కోడలికి చెప్పింది, కోడలు తన కోడలికి చెప్పింది. "అది మనది కాదు, ఇసబెల్ దొరసానిది. పాప వచ్చి అడిగితే ఇవ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు." పొలాల గట్లు జరుపుకునేవాళ్లను చూశాను, అన్నదమ్ములు దూలం కోసం కొట్టుకోవడం చూశాను. అదే మనుషులు నన్ను మాత్రం పరాయి సొమ్మని వేలితో తాకేవారు కాదు. కొత్తకోడళ్లు నన్ను చూసి ఉలిక్కిపడేవారు. "బట్టలు నేసే ఇంట్లో బట్టలు తినే చిమ్మటేంటి అత్తా, దరిద్రం!" అనేవారు. ఒకావిడ కుంకుమ పోసుకుందామని చెయ్యి చాపితే మామగారు దగ్గాడు, చెయ్యి వెనక్కి పోయింది. ఉప్పెన వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ పైకప్పు ఎక్కారు, చౌడేశ్వరి అమ్మవారి పటం ఒకరి ఒళ్లో, నేను ఒకరి ఒళ్లో. పాడిగేదె కొట్టుకుపోయింది. నిజానికి గేదెను కదా పట్టుకోవాల్సింది! ఇంత గౌరవం పొందిన కప్పు ఇంకోటి ఉండదు. ఇంత ఒంటరిది కూడా ఉండదు. కింద మగ్గం టకటకలాడుతుంటే, పిల్లలు పుట్టి ముసలివాళ్లై పోతుంటే, నేను బోర్లా పడుకుని నా చీకటిని నేనే చూసుకునేదాన్ని.

ఇప్పటి ఇల్లాలి పేరు మాణిక్యం. భర్త గవర్రాజు. వీధిలో చివరి రెండు మగ్గాల్లో ఒకటి వాళ్లది. మాణిక్యం పొద్దున్నే దీపం పెట్టి, అమ్మవారికి దణ్ణం పెట్టి, ఆ తర్వాత అదే చేత్తో నా మీది దుమ్ము తుడిచేది. ఈమధ్య కాకినాడ నుంచి పాతసామాన్లు కొనే ఆయన ఒకడు వచ్చి నన్ను చూసి కళ్లజోడు మార్చుకున్నాడు. స్కాట్లాండు తొలినాటి పింగాణీ అన్నాడు, అడిగినంత ఇస్తానన్నాడు. అప్పటినుంచీ గవర్రాజుకు నిద్ర లేదు.

"పాపంట పాప! ఈపాటికి ఆ పాపకి రెండొందల యాభయ్యేళ్లు. కర్ర పట్టుకునొస్తదేంటే?"

"వచ్చినప్పుడే రానీ. కుర్చీ వేస్తాలే."

"షెడ్డు కారిపోతంది. మగ్గం తడిసిపోతంది. నువ్వేమో గూట్లో పరాయోళ్ల గిన్నెకి కాపలా."

"మనదైతే నువ్వు చెప్పకముందే అమ్మేదాన్ని. మనది కాదు గదయ్యా."

అలా రోజూ జరిగేది. మాణిక్యం గెలిచేది గానీ, గెలిచిన ప్రతిసారీ ఆమె గొంతు కొంచెం తగ్గేది. ఎవరికి ఇవ్వాలో తెలియని బాకీని ఎన్నాళ్లని మోస్తారు? ఆమెకు మోకాళ్ల నొప్పులు. తన తర్వాత ఈ మాట నిలబెట్టమని ఎవరికి చెప్పాలో కూడా ఆమెకు తెలియదు. పాపకు ఇవ్వకుండానే తాను పోతానేమో అన్నదే ఆమె బెంగ.

ఆ ఏడు ఏటిగట్టు పనులు మొదలయ్యాయి. తుమ్మకంప కొట్టేస్తే అడుగున పాత దొరల సమాధులు బయటపడ్డాయి. బడిలో ఇంగ్లీషు చెప్పే కరుణమ్మ టీచరు ఆ కబురు తెచ్చింది.

"మీ దొరసాని అందులో ఉందేమో చూద్దాం రండి మాణిక్యం గారూ. రాళ్లన్నీ ఎల్లుండి పొద్దున్నే లారీ ఎక్కించి పట్నంలో భద్రపరుస్తారంట."

మాణిక్యం నన్ను కొంగులో చుట్టుకుని వెళ్లింది, ఆవిడ ఉంటే చూపిద్దామని. ఇంటినుంచి అరమైలు కూడా లేదు. టీచరు ఒక్కో రాయి తుడిచి చదువుతూ పోయింది. నాలుగో రాయి దగ్గర ఆగింది.

"ఇసబెల్. ఇరవయ్యారేళ్లు. ఈవిడే!"

మాణిక్యం చెంపలేసుకుంది.

టీచరు ఇంకా వంగింది. మట్టిని గోటితో గీకింది. "కింద ఇంకో పేరుంది మాణిక్యం గారూ. జీన్. వీళ్లమ్మాయి. రెండేళ్ల నాలుగు నెలలు. తల్లి పోయిన ఇరవైరెండో రోజున."

"ఓడెక్కలేదాండీ?"

"ఎక్కలేదండీ. ఇక్కడే ఉంది."

కొంగులోంచి నేను విన్నాను. తరతరాల వాళ్లు సముద్రంవైపు చూసి ఎదురుచూసిన పాప ఇంటి వెనక గట్టు కింద ఉంది. ఆ రాయి మీద అక్షరాలు చదవగలిగినవాళ్లు మా వీధిలో లేరు, చదవగలిగినవాళ్లు మా వీధికి రాలేదు.

"రోజూ ఈ దార్నే గదండీ రేషనుకెళ్తాను," అంది మాణిక్యం. రాయి పక్కన మట్టిలో కూర్చుండిపోయింది. "దీని పేరు కూడా ఇయ్యాలే తెలిసింది."

రేపు పాయసం చేసి తెస్తానని చెప్పి లేచింది. ఇంటికి వచ్చేసరికి గవర్రాజు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెద్దాపురంలో వాళ్ల చిన్నాన్న కొడుకు పోయాడు. దగ్గరి దాయాది. ఇల్లు మైల, పదకొండు రోజులు.

నాకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను. దేవుడి గూటికి తెర దించారు. గవర్రాజు పెద్దాపురం వెళ్లి పని ముగించుకుని మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. మాణిక్యం ఇంకా నా ఎదుటే కూర్చుని ఉంది.

"పదకొండ్రోజులాగు. ఆ లారీ వెనకాలే పట్నం ఎళ్లి ఇద్దువుగాని," అన్నాడు.

"పదకొండ్రోజులు ఆగబట్టే గదా చౌడమ్మ బాకీ ఇంతకాలం ఆగిపోయింది."

"మరి మైల ఇంట్లోంచి పెట్టకూడదు గదే. నేను పెట్టిన రూలా?"

మాణిక్యం నిదానంగా అడిగింది. "మైలలో ఉన్నోళ్లు మైలలో ఉన్నోళ్లకి పెట్టొచ్చా?"

"ఒకటే మైలయితే పెట్టొచ్చు. నిన్న నేను తిన్నది ఎక్కడనుకున్నావ్?"

"ఆ పాపకి అమ్మ పోయింది. మైల తీర్చిందెవరు? తలంటు ఎవరు పోశారు? శుద్ధి ఎవరు చేశారు? ఎవరూ చెయ్యలేదు గదయ్యా. అప్పటి మైలలోనే ఉంది అది. మనమూ మైలలోనే ఉన్నాం. ఇంక కీడెవరికి?"

పంచాంగం చెప్పే సిద్ధాంతిగారు ఉంటే ఏమనేవారో నాకు తెలియదు. తెర వెనక ఉన్న అమ్మవారు మాత్రం ఏమీ అనలేదు. మాణిక్యం ఆ తెరకు దణ్ణం పెట్టి, "తప్పైతే నా ఒక్కదాని మీద వెయ్యి తల్లీ," అంది.

"పాలెన్ని కావాలి?" అన్నాడు గవర్రాజు, చొక్కా తొడుక్కుంటూ.

పాయసం పల్చగా కాచింది, రెండేళ్ల పిల్ల తాగగలిగేలా. ఫ్లాస్కులో పోసింది. ఫ్లాస్కు ఆయన చేతిలో, నేను ఆమె చేతిలో. గట్టు మీద ఇంకా ఎండ ఉంది. పనివాళ్లు రాళ్లకు తాళ్లు కట్టి తెల్లారే లారీ కోసం సిద్ధంగా పెట్టారు. మాణిక్యం నన్ను ఆ రాయి మీద, రెండో పేరు దగ్గర నిలబెట్టింది. రెండువందల యాభై ఏళ్ల తర్వాత నేను బోర్లా కాకుండా ఆకాశంవైపు చూశాను.

"బాగా పొగలొస్తందే. పగిలిపోద్దేమో," అన్నాడు గవర్రాజు.

"ఒకసారి తెచ్చింది చల్లారిపోయింది. చాలు."

పోసింది.

వేడి నా అడుగుకు తగిలింది, గోడలెక్కింది, అంచుదాకా వచ్చింది. ఓడలో విన్న ఆ టక్కు కోసం ఎదురుచూశాను. రాలేదు. బట్టీలోంచి బయటికి వచ్చిన రోజు తర్వాత నాకు మళ్లీ ఒంట్లో వెచ్చదనం తెలిసింది. నేను నిలిచాను. అయితే గ్రిజెల్ దాచిన గీత మాత్రం దాని పని అది చేసింది. చిమ్మట రెక్క కింద ఒక తెల్లటి చుక్క పుట్టింది, జారింది, రాయి మీద చెక్కిన చిన్న పేరులోకి ఇంకింది. వెనకే ఇంకోటి.

గవర్రాజు వంగి చూశాడు. "కారతందే ఇది!"

"కారట్లేదయ్యా," అంది మాణిక్యం. "తాగుతోంది."

ఆమె రాయిని అరచేత్తో ఒకసారి నిమిరింది. "ఆలస్యమైంది పాపా. కోపమొచ్చి కాదు, ఇంట్లో మైలొచ్చింది. మీ అమ్మకి చెప్పు," అని లేచింది. నన్ను తీసుకోలేదు. ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని ఇద్దరూ గట్టు ఎక్కి వెళ్లిపోయారు.